పెట్టె అత్తది, ఉత్తరాలు నావి

పుట్టిన తేదీ వెయ్యమని కంప్యూటర్ ఎక్కడ అడిగినా నా వేళ్ళు ముందు మా అత్త తేదీనే కొడతాయి. మొన్న ఆఫీసులో ఏదో ఫారం నింపుతుంటే అలాగే అయింది. నేను రిటైరయ్యే వయసు ఎప్పుడో దాటిపోయిందని తెర మీద వచ్చింది. పక్క సీటు అమ్మాయి పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. అత్త పోయి ఇంకా నెల తిరగలేదు. మనిషి పోయినా నా వేళ్ళ మీద పెత్తనం మాత్రం వదల్లేదు.

అత్త అంటే మేనత్త, మా నాన్నకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. వీధిలో కన్నడం వినిపించే కాటన్‌పేటలో ఒక పాత మేడ ఇంట్లో పై వాటా అద్దెకు తీసుకుని, దగ్గర్లో ఉన్న బడిలో ఇంగ్లీషు చెప్పేది. ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పేది. నాన్న పోయిన తర్వాతి ఏడాది అమ్మకు మస్కట్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. నన్నూ తమ్ముణ్ణీ అత్త దగ్గర వదిలి వెళ్ళింది. అప్పటికి నాకు పదకొండేళ్ళు, వాడు నాకంటే చిన్నవాడు.

అత్త మమ్మల్ని ముద్దు చెయ్యలేదు, కొట్టనూ లేదు. దిద్దింది. ఆమెకు తెలిసిన పని అదొక్కటే. నా పాపిట దిద్దేది, తమ్ముడు అన్నం కలిపే తీరు దిద్దేది. సాయంత్రం ఇంట్లో ప్రార్థన చేసేటప్పుడు మేము దేవుడితో చెప్పుకుంటున్న మాటల్ని కూడా మధ్యలో ఆపి దిద్దేది. "అది ఇయ్యి, ఇది ఇయ్యి అని మొదలుపెడతారా ఎవరైనా? మొదట ఇచ్చిన దానికి థాంక్స్ చెప్పల్ల పాపా" అనేది, కళ్ళు మూసుకునే. దేవుడు కూడా ఆమె క్లాసులో కూర్చుని వింటున్నాడేమో అనిపించేది నాకు.

అమ్మకు ఉత్తరాలు రాయడం కోసమే కంప్యూటర్ కొన్నది. చర్చిలో ఒకాయన తన పాతది అమ్మేస్తుంటే తీసుకుంది. హాల్లో కుట్టుమిషన్ బల్ల ఖాళీగా ఉంటే దాని మీద పెట్టించింది. మిషన్ తలకాయ తీసేసినా కింద తొక్కే పలక అలాగే ఉండేది కాబట్టి, మేము మెయిల్ రాస్తూ కాళ్ళతో దాన్ని తొక్కేవాళ్ళం. మానిటర్ మీద తను అల్లిన తెల్ల లేసు గుడ్డ కప్పింది. చేతులు కడుక్కోకుండా కీబోర్డు ముట్టకూడదు. తను మాత్రం వేళ్ళు పెట్టేదే కాదు. ఎర్ర పెన్ను వెనకవైపుతో ఒక్కో అక్షరం, పైకి చదువుతూ, టక్కు టక్కుమని నొక్కేది. ఆ శబ్దం వింటే ఇప్పటికీ నాకు పళ్ళు పులుస్తాయి.

మాకు మెయిల్ ఖాతాలు తెరవడానికి కంప్యూటర్ అమ్మినాయనే వచ్చాడు. పేరు వేశాడు, పుట్టిన సంవత్సరం వేశాడు. అది ఒప్పుకోలేదు, ఈ వయసు పిల్లలకు ఖాతా ఇవ్వనంది. ఆయన తేలిగ్గా తీసుకున్నాడు.

"ఏదో ఒక సంవత్సరం ఏసేద్దాం టీచర్. ఎవరు చూస్తారు?"

అత్త కుర్చీలో వెనక్కి జరిగింది. "ఎవరు చూస్తారా? ఆదివారం పిల్లకాయలకి నేను చెప్పేదే అది కదప్పా, ఎవరు చూస్తారో!"

ఆయన బుర్ర గోక్కున్నాడు. అత్త మానిటర్‌ను తప్పు చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "అబద్ధం చెప్తేగానీ తలుపు తియ్యదా ఇది? ఇట్లాంటి దాన్నా ఇంట్లోకి తెచ్చుకున్నాము?" అంది. ఇక కంప్యూటర్ వెనక్కి పోయినట్టే అని నేను ఏడుపు ముఖం పెట్టాను. అప్పుడు అత్త తన పేరు, తన తేదీ వెయ్యమంది. చిరునామాలో మాత్రం నా పేరు పెట్టించింది. తమ్ముడికీ అలాగే ఇంకొకటి. తనకు వేరేగా ఒకటి.

"పెట్టె నాది. ఉత్తరాలు పాపవి. ఇందులో అబద్ధం యాడుండాది?" అంది, ఎంతో సంతోషంగా.

అబద్ధం లేదు సరే, నాకు వచ్చిన కష్టం సంగతేమిటి? పెట్టె ఆమెదైనప్పుడు తియ్యడం, చూడటం, తుడవడం అన్నీ ఆమె హక్కులే. ఏటా ఆమె పుట్టినరోజుకు మెయిల్ కంపెనీవాళ్ళు నా పెట్టెలోకి శుభాకాంక్షలు పంపేవాళ్ళు. "నాకే కదా వచ్చింది" అని దాన్ని ప్రార్థనప్పుడు మాకు చదివి వినిపించేది. కేకు బొమ్మ ఉందని కూడా చెప్పేది. ఆమెకు శుభాకాంక్షలు రాసేవాళ్ళు ఇంకెవరూ ఉన్నట్టు నాకు గుర్తులేదు.

పాస్‌వర్డుల సంగతి చెబితే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. కొత్త సంవత్సరం ఆరాధనలో మా చర్చిలో పళ్ళెం నిండా వాగ్దానపు కార్డులు పెడతారు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. దాని మీద ఉన్న వచనం ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. అత్త ఆ కార్డులన్నిటినీ హాల్లో క్యాలెండర్ పక్కన వరసగా అంటించేది. నాది, తమ్ముడిది, తనది, అమ్మ తరఫున తాను తీసినది. ఎవరి కార్డు మీద ఉన్న అధ్యాయం, వచనం అంకెలు వాళ్ళ పాస్‌వర్డు. జనవరి మొదటి రోజున అన్నీ మార్చేది. అలాగైనా మాకు వచనాలు నోటికొస్తాయని ఆమె ఆశ.

అంటే మా ఇంటి తాళంచెవులన్నీ గోడకు వేలాడుతున్నాయన్నమాట, వచ్చేపోయేవాళ్ళందరికీ కనిపించేలా. ఒకసారి మోడెం చెడిపోతే ఆ కంప్యూటర్ ఆయనే వచ్చాడు. బాగుచేసి, పనిచేస్తుందో లేదో చూద్దామని, ఎవర్నీ అడగకుండా గోడవైపు ఒకసారి చూసి నా పెట్టె తెరిచేశాడు. నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన కాఫీ తాగుతూ, "అమ్మకి బాగా రాస్తా ఉండావు పాపా" అన్నాడు.

ఆయన వెళ్ళాక ఇల్లు పీకి పందిరేశాను. అత్తకు నా బాధ అర్థం కాలేదు. "దేవుని మాటనే తాళంగా ఏసినాక దొంగబుద్ధి ఎవరికి పుడతాది? సుమ్నే ఊరికే అరవొద్దు" అంది. ఆమెతో వాదించడం గోడకు తల బాదుకోవడమే. ఆ గోడకేమో కార్డులు.

శనివారం సాయంత్రం ఇంటర్నెట్. మొదట అమ్మ పంపినవి అత్త తెరిచేది, ప్రార్థనలో చదివేది. తర్వాత మేము రాసేవాళ్ళం. ఇంగ్లీషులో రాయాలని అత్త నియమం. నాకు ఇంగ్లీషులో చలి, జ్వరం, పరీక్ష, వాన ఇవన్నీ వచ్చుగానీ, అమ్మతో చెప్పాలనుకున్నవి ఒక్కటీ వచ్చేది కాదు. అందుకని తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో గబగబా కొట్టేదాన్ని. అత్త పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతూ ఊరుకునేది. నేను ముగించాక వంగి మొత్తం చదివేది. అప్పుడు మొదలు.

"ఇది వద్దు. ఇది వద్దు. ఇదీ వద్దు" అంటూ ఎర్ర పెన్నుతో తెర మీద తట్టేది. తర్వాత, "లే పాపా, పాలు పొంగుతాయేమో చూడు. నేను సరిచేసి పంపిస్తా" అనేది.

నేను వంటింట్లో నిలబడి పాలు పొంగినా దించకుండా చూస్తూ ఉండేదాన్ని, కసిగా. హాల్లోంచి టక్కు టక్కు వినిపిస్తూనే ఉండేది. నాలుగు ముక్కల ఉత్తరం పంపడానికి ఇంతసేపెందుకో, ఫోన్ లైనంతా ఇంటర్నెట్టే తినేస్తుంటే ఈమెకు పట్టదా అనుకునేదాన్ని. తిరిగి వచ్చి చూస్తే నా ఉత్తరం బడి డైరీలా తయారై వెళ్ళిపోయి ఉండేది. దేవుని దయవల్ల బాగున్నాము, లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి, తమ్ముడు పాట నేర్చుకున్నాడు, అంతే.

ఒకసారి రాశాను: "నీ దిండు గలీబు ఉతకొద్దని అత్తకు చెప్పు. నీ వాసన పోతుంది." అది కొట్టేసింది. ఇంకోసారి తమ్ముడు తన బూట్లు కరుస్తున్నాయని, అత్తకు చెబితే సాక్సు మందంగా వేసుకోమంటోందని రాశాడు. అదీ కొట్టేసింది. కానీ విచిత్రం చూడండి, కొన్నాళ్ళకు మస్కట్ నుంచి వచ్చిన ఒక నర్సమ్మ చేత అమ్మ తమ్ముడికి కొత్త బూట్లు పంపింది. సరిగ్గా సరిపోయాయి. తల్లి మనసంటే ఇదీ, చెప్పకుండానే తెలిసిపోతుంది అనుకుని నేను ఏడ్చాను. ఆ రోజు అత్తను ఇంకాస్త ఎక్కువ అసహ్యించుకున్నాను. ఆమె బూట్లను తిప్పి తిప్పి చూసి, "కొంచెం పెద్దవి కొనుండచ్చు, రేపటికి కాళ్ళు పెరగవా" అంది.

ఫోన్ ఉంది కదా అనొచ్చు. ఆదివారం చర్చి అయ్యాక అమ్మ చేసేది. ముగ్గురం చుట్టూ నిలబడేవాళ్ళం. అమ్మ గొంతు వినగానే నాకు మాట వచ్చేది కాదు. "తిన్నావా" అంటే "తిన్నా" అనేదాన్ని. ఒకసారి సైబర్ సెంటర్‌కు వెళ్ళాను, నేనే రాసి నేనే పంపుకుందామని. అక్కడి యజమాని నన్ను చూసి, "టీచరమ్మ మేనకోడలివి కదూ? ఆమెకి తెలుసా నువ్వొచ్చింది?" అన్నాడు. ఆ వీధిలో ఎవరికి ఇంగ్లీషు వచ్చినా అది అత్త పెట్టిన భిక్షే. వచ్చిన దారినే ఇంటికి పోయాను.

అమ్మ ఒప్పందం ముగిసే ఏడాది వచ్చింది. ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టమంటున్నారని, ఏం చెయ్యమంటారని అమ్మ రాసింది. అత్త దాన్ని ప్రార్థనలో చదివి కాగితాలు మడిచినంత మామూలుగా కళ్ళజోడు మడిచింది. నేను ప్రార్థన ముగిసే దాకా కూడా ఆగలేదు. కుట్టుమిషన్ బల్ల ముందు కూర్చుని, సంతకం పెట్టొద్దు, వచ్చెయ్, నాకు నీ ముఖం సరిగ్గా గుర్తు రావడం లేదు, ఫోటో చూస్తే ఎవరో ఆంటీలా ఉన్నావు, ఇక్కడ నన్ను దిద్దేవాళ్ళే గానీ దగ్గరికి తీసేవాళ్ళు లేరు అని రాశాను. అత్త పక్కనే ఉందని తెలిసే రాశాను. ఆమెను పొడవాలనే రాశాను.

చదివింది. ఎర్ర పెన్ను తెర మీద తట్టలేదు. దానికి మూత పెట్టింది.

"లే పాపా. స్టవ్ మీద పాలుండాయి."

"పాలు లేవు. నేను లేవను."

"లే. సరిచేసి పంపిస్తా."

"సరిచెయ్యొద్దు. ఉండేది ఉన్నట్టు పంపు. ఇందులో తప్పేముంది?"

"తప్పు లేదు" అంది అత్త. ఆమె నోటి నుంచి ఆ మాట నేను విన్నది అదొక్కసారే. "కానీ నీ పేరుతో మీ అమ్మకి ఏడుపు పోకూడదు. ఏడ్చేదుంటే నా ముందర ఏడ్చుకో, ఎంతైనా ఏడ్చుకో."

"నీ ముందర ఎందుకు ఏడవాల? నువ్వు మా అమ్మవా?"

తమ్ముడు కాళ్ళతో మిషన్ పలక తొక్కడం ఆపేశాడు. అత్త నా వైపు చూసింది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. రాకపోవడం ఇంకా చిర్రెత్తించింది.

"కాదు. అందుకే చెప్తా ఉండా" అంది.

నేను మేడ మీదికి పోయి, ఆరేసిన చీరల మధ్య నిలబడ్డాను. కింద వీధిలో దూది మూటల బండి అడ్డం తిరిగి ఎవరో కన్నడంలో తిట్టుకుంటున్నారు. ఆ తిట్లన్నీ నేను అత్తకు తగిలించుకున్నాను. దిగివచ్చి చూస్తే నా పేరుతో వెళ్ళిన ఉత్తరంలో రెండే వాక్యాలున్నాయి: దేవుడు నడిపించినట్టు చెయ్యి అమ్మా, మేము బాగున్నాము.

అమ్మ సంతకం పెట్టింది.

నా లెక్క చాలా తేలిక. అమ్మకు తెలిస్తే వచ్చేసేది. అమ్మకు తెలియలేదు. తెలియనివ్వనిది అత్త. ఈ లెక్క మీద నేను చాలా ఏళ్ళు బతికాను. ఆ వేసవంతా ఆమెతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడినా అవసరానికే. "అక్కకి నీ మీద ఇంకా కోపమే అత్తా" అని తమ్ముడు చెబితే, "ఉండనీలే, కోపం యాడో ఒక కాడ ఉండల్ల కదా" అందట. ఆ నిర్లక్ష్యానికి ఇంకో నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

కాలేజీకి వచ్చాక నాకు వేరే పెట్టె, నా సొంత తేదీతో. కాలేజీ ల్యాబ్‌లో ఎవరికేం కావాలంటే అది రాసుకున్నాను. అప్పటికి అమ్మకు రాయడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. అమ్మ తిరిగి వచ్చినప్పుడు నేను ఎయిర్‌పోర్టులో ఆమెను కావలించుకుని ఏడ్చాను. మనసులో చిన్న ముల్లు కూడా లేదు. పాపం అమ్మ, ఆమెకేం తెలుసు అనుకున్నాను. అత్త సామాన్లు లెక్క చూసుకుంటూ, "ఏడ్చింది చాలు, ఆటో వాడు ఎంతసేపని నిలబడల్ల" అంది.

తర్వాత అందరం ఒకే ఇంట్లో ఉన్నాం. రిటైరయ్యాక అత్త పెద్దగా మాట్లాడటం మానేసింది గానీ దిద్దడం మానలేదు. ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో కూడా మంచానికి తగిలించిన చీటీలో నర్సు రాసిన ఇంగ్లీషు చూసి వేలు ఊపింది.

స్మారక కూటం అయిన మరునాడు అమ్మ అత్త మంచం మీది దుప్పట్లు తీస్తోంది. నేను దిండు గలీబు విప్పబోయాను.

"దాన్ని ఉండనీలే కొన్నాళ్ళు" అంది అమ్మ. "నువ్వు కూడా అప్పుడు నాది ఉతకనియ్యలేదు కదా, వాసన పోతాదని."

నా చెయ్యి ఆగిపోయింది. "నీకెవరు చెప్పినారు?"

"నువ్వే రాసింటివి కదా."

"రాసినా. అత్త కొట్టేసింది."

అమ్మ మంచం మీద కూర్చుంది. "కొట్టేసినవి కూడా వచ్చేవిలే పాపా. నువ్వు రాసింది రాసినట్టే మొదట వదిన పెట్టెలోంచి వచ్చేది. ఆమెనే చూసి చూసి టైపు కొట్టేది, ఒక్క మాట వదలకుండా. తర్వాత నీ పెట్టెలోంచి శుభ్రంగా ఉండేది. రెండూ వచ్చేవి."

బూట్లు గుర్తొచ్చాయి. వంటింట్లో నిలబడి విన్న ఆ టక్కు టక్కు గుర్తొచ్చింది. కానీ అడగాల్సింది అవి కాదు.

"సంతకం పెట్టొద్దని రాసింది?"

అమ్మ దుప్పటిని అప్పటికే మడిచి ఉన్నా మళ్ళీ మడిచింది. "అదీ వచ్చింది. చదివినా. చదివినాకనే పెట్టినా. మీ ఇద్దరి చదువులు నడిమధ్యలో ఉండె. వచ్చి ఏం చేసేదాన్ని?"

నేను దిండును మళ్ళీ మంచం తలవైపు పెట్టాను.

"వదినకి రాస్తిని, పాపకి ఎట్ల చెప్పేది అని. నువ్వేం చెప్పొద్దు అనింది. పాప కోపం ఎవరో ఒకరి మీద ఉండల్ల, నా మీదనే ఉండనీ, నువ్వు తిరిగొచ్చినాక అది నీకి ఎదురు రాకూడదు అనింది. నేను ఉండేంతవరకు చెప్పొద్దు అనింది."

అత్త మంచిదని తెలిసి గుండె కరిగిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. కరగలేదు. మండుతోంది. అడిగిందెవరు ఈమెను? నా కోపం నాది. అది ఎవరి మీద ఉండాలో కూడా ఈమే దిద్దాలా? సామెతలో అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారు. మా ఇంట్లో అమ్మ మీది కోపం అత్త మీద చూపించాను, ఆమె దగ్గరుండి చూపించుకుంది. పైగా ఒక్క అబద్ధం ఆడలేదు. సరిచేసి పంపిస్తానంది, పంపింది. నీ పేరుతో ఏడుపు పోకూడదంది, నా పేరుతో పోలేదు. ఆమె పేరుతో ఏం పోతోందని నేను ఎప్పుడూ అడగలేదు.

అత్త ఈ ఏడాది కార్డు ఇంకా గోడ మీదే ఉంది. పాత ఏళ్ళ అంకెలు కూడా నాకు నోటికి వచ్చు. ఆమె కోరుకున్నట్టే వచ్చాయి. కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని ఊరికే అయినా ఆమె పెట్టె తెరవగలిగేదాన్ని, తాళంచెవి అన్నేళ్ళూ కళ్ళ ముందే వేలాడింది. ఒంటరి టీచరుకు ఎవరు రాస్తారు, అందులో ఏముంటుందిలే అనుకున్నాను. ఒక్కసారి తెరిచి ఉంటే ఆమె ఉండగానే, ఆ చేతిలోంచి ఎర్ర పెన్ను లాక్కుని, తనివితీరా పోట్లాడి ఉండేదాన్ని. ఇప్పుడు పోట్లాడదామంటే ఆమె లేదు. ఇన్నేళ్ళు ఆమె దగ్గర దాచిన కోపమంతా తిరిగి నా చేతికొచ్చింది. అమ్మకు ఇద్దామంటే అత్త వద్దంది.